బ్యాలెట్ వెనక పేజీ నిండా జడ్జీలే, లాయర్లిచ్చే రేటింగ్ ఎంతవరకు నమ్మొచ్చు? (చికాగో, కుక్ కౌంటీ)

షాంబర్గ్_శీను:
అందరికీ నమస్కారం. సిటిజన్‌షిప్ వచ్చాక ఇదే మొదటి ఓటు, బ్యాలెట్ మెయిల్‌లో తెప్పించుకున్నా. పైన గవర్నరు, సెనేటు వరకు పేచీ లేదు, ఎవరికెయ్యాలో ముందే అనుకున్నాం. తిప్పితే జడ్జీలు. ఒకరా ఇద్దరా, అరవై డెబ్బై పేర్లు, ఒక్కొక్కరి కింద యెస్ నో అని రెండు గళ్ళు. ఒక్కడంటే ఒక్కడు తెలీదు. ఆఫీసులో ఒకాయన చికాగో బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) జడ్జీలకిచ్చిన రేటింగ్ లిస్టు పక్కన పెట్టుకుని దిద్దుకుంటూ పో అన్నాడు, ఇంకొకాయనేమో లాయర్లు వాళ్ళలో వాళ్ళకి మార్కులేసుకుంటారు అదంతా నమ్మకు అన్నాడు. అసలు ఆ లిస్టు ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. గడువు దగ్గరపడుతోంది.

పప్పుచారు_ప్రియుడు:
నేను ఇండియన్ పేరు కనపడితే యెస్, లేకపోతే ఖాళీ. పదేళ్ళుగా ఇదే పద్ధతి 😄

మోడరేటర్:
పార్టీ గొడవలు ఈ థ్రెడ్‌లో వద్దు ప్లీజ్. పోయినసారి ఏమైందో గుర్తుంది కదా.

లాయరమ్మ_చికాగో:
శీను గారూ, నేను ఇక్కడే ప్రాక్టీస్ చేస్తాను, ఎక్కువగా ఫ్యామిలీ కోర్టు. జడ్జీలని పరిశీలించే కమిటీల్లో వాలంటీరుగా పనిచేశాను కూడా, కాబట్టి ఎవరి గురించి ఏం విన్నానో చెప్పకూడదు, పద్ధతి మాత్రం చెప్తాను.

ముందు మీ చేతిలో ఉన్నదేంటో చెప్తా. ఇలినాయ్‌లో సర్క్యూట్ జడ్జి, అంటే ట్రయల్ కోర్టు జడ్జి, మొదటిసారి పార్టీ టికెట్ మీద ప్రైమరీలో గెలిచి వస్తారు, ఆరేళ్ళ పదవి. ఆ తర్వాత ఇంక పోటీ ఉండదు, ఆరేళ్ళకోసారి ఈయన్ని ఉంచాలా వద్దా అని మాత్రమే అడుగుతారు, దీన్నే రిటెన్షన్ అంటారు. ఉండాలంటే 60 శాతం యెస్ రావాలి. మీరు చెప్పిన అరవై డెబ్బై పేర్లు అవే.

ఇక పరిశీలన. చికాగో బార్ అసోసియేషన్‌కి ఒక కమిటీ ఉంది. చికాగో కౌన్సిల్ ఆఫ్ లాయర్స్ అని 1969లో పెట్టిన సంస్థ ఇంకోటి ఉంది, వాళ్ళు ఇంకా కొన్ని బార్ సంఘాలతో కలిసి అలయన్స్ అని నడుపుతారు. అందులో నల్లజాతి లాయర్లవి, ఆసియా వాళ్ళవి, మహిళా లాయర్లవి కూడా ఉంటాయి. క్యాండిడేట్ ముందు పెద్ద ప్రశ్నాపత్రం నింపాలి. ఏమేం కేసులు వాదించారు, ఆ కేసుల్లో అవతలి వైపు లాయరు ఎవరు, జడ్జి ఎవరు, ఎప్పుడైనా క్రమశిక్షణ ఫిర్యాదు వచ్చిందా, ఇన్‌కమ్ ట్యాక్స్ గొడవలున్నాయా, అన్నీ. దాన్ని పట్టుకుని మాలాంటి వాలంటీర్లు ఫోన్లు చేస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఫోన్ చేసేది ఆయన ఇచ్చిన రెఫరెన్సులకి మాత్రమే కాదు, అవతలి వైపు వాళ్ళకి కూడా. నేనైతే ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతాను, మీరు ఆ జడ్జి దగ్గర ఓడిపోయిన కేసు చెప్పండి, ఓడినా మీ వాదన పూర్తిగా విన్నారనిపించిందా అని. గెలిచినవాడి మాట కంటే ఓడినవాడి మాటలో ఎక్కువ తెలుస్తుంది. కొంతమంది పది సెకన్లు ఏం మాట్లాడరు, తర్వాత పేరు బయటికి రాదు కదా అని అడుగుతారు, అప్పుడే విషయం సగం అర్థమైపోతుంది.

అన్నీ అయ్యాక క్యాండిడేట్‌ని పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు, తర్వాత ఓటింగ్. పనికి రారు అని తేలితే మళ్ళీ విచారించమని అడిగే అవకాశం ఉంది.

షాంబర్గ్_శీను:
వామ్మో ఇంత ఉందా. నేనేదో ఆన్‌లైన్ పోల్ అనుకున్నా. మరి చూసేది ఏంటి, తీర్పులు కరెక్టా కాదా అనా?

లాయరమ్మ_చికాగో:
తీర్పు నచ్చిందా లేదా అని కాదండి. నిజాయితీ, చట్టం మీద పట్టు, అనుభవం, టైముకి బెంచ్ ఎక్కుతారా, ఫైలు చదివి వస్తారా, పక్షపాతం ఉందా, ఇంక అన్నిటికంటే కష్టమైనది ఓపిక. లాయరు లేకుండా సొంతంగా వచ్చిన మనిషిని కసురుకుంటారా లేక ఒక్క నిమిషం ఆగి వింటారా. నా ఫీల్డులో అది ఎంత ముఖ్యమో చెప్పలేను, పిల్లల కస్టడీ కోసం వచ్చినామె ఏడుస్తూ మాట్లాడుతుంటే గడియారం చూసే జడ్జిలు ఉన్నారు.

ఫ్రిస్కో_ఫణి:
మా టెక్సస్‌లో ఇంత సీన్ లేదు బ్రో. ఇక్కడ జడ్జిలు కూడా పేరు పక్కన ఆర్ (రిపబ్లికన్) అనో డి (డెమొక్రాట్) అనో పెట్టుకుని నిలబడతారు, రిటెన్షన్ గిటెన్షన్ ఏం లేదు, ప్రతిసారీ పోటీయే. 2018 వరకు ఒక్క గీత కొడితే పైనుంచి కిందదాకా పార్టీ మొత్తానికి ఓటు పడిపోయేది, అదే ఏడాది హ్యూస్టన్ హారిస్ కౌంటీలో ఒక పార్టీ జడ్జీలు ఊడ్చిపెట్టుకుపోయారు, మంచోళ్ళు చెడ్డోళ్ళు అని లేదు అందరూ ఇంటికే. 2020 నుంచి ఆ ఒక్క గీత పద్ధతి తీసేశారు. హ్యూస్టన్ బార్ అసోసియేషన్ వాళ్ళు లాయర్లకి సర్వే పంపిస్తారు, చట్టం పాటిస్తాడా, మర్యాదగా ఉంటాడా, త్వరగా తేలుస్తాడా అని ప్రశ్నలుంటాయి, రిజల్ట్స్ ఆన్‌లైన్లో పెడతారు. కానీ దాన్ని చూసి ఓటేసినోడ్ని నేనింతవరకు చూడలే. ఇంకోటి, ఆ కోర్టులో కేసులు వాదించే లాయర్లే జడ్జి ఎలక్షన్‌కి చందాలు ఇస్తారు, చట్ట ప్రకారం లిమిట్ ఉంది కానీ ఇవ్వడం మాత్రం తప్పు కాదు. ఇంక ఆ లాయర్లు వేసే మార్కులు నేనేం నమ్మాలి చెప్పండి.

లాయరమ్మ_చికాగో:
చందాలు ఇక్కడా ఉన్నాయి ఫణి గారూ. అందుకే ఫోన్ చేసేటప్పుడు ఒక్కరి మాట తీసుకోం, పదిమందిని అడుగుతాం. పైగా సర్వే వేరు, పరిశీలన వేరు. సర్వేలో నచ్చనివాడు కోపంతో సున్నా పెట్టి పోతాడు, ఎందుకో అడిగేవాడుండడు.

నల్గొండ_నర్సింగ్:
అక్కా ఒక్కటడుగుత. నేను ట్రాఫిక్ కేసుల కోర్టుకు పోయిన, జడ్జి నన్ను చూడనన్న చూడలే, కాగితం మీదికెల్లి తల ఎత్తకుంట గిల్టీ అన్నడు. అసొంటోళ్ళకు రేటింగ్ ఎట్లొస్తది? తర్వాత చూస్తె క్వాలిఫైడ్ అని ఉన్నది. గా లాయర్లను అడిగితె ఏమొస్తది, మమ్ముల అడగాలె గద.

లాయరమ్మ_చికాగో:
తమ్ముడూ అది నిజమైన లోటే. ఇక్కడ అడిగేది ఎక్కువగా లాయర్లనే. ఆరిజోనాలో ఇంకో పద్ధతి ఉంది, జడ్జీల పనితీరు చూసే కమిషన్ ప్రభుత్వమే పెట్టింది, లాయర్లతో పాటు జూరీలో కూర్చున్నవాళ్ళకి, సాక్షులకి, కేసు వేసినవాళ్ళకి కూడా సర్వే ఫారాలు ఇస్తారు. కొలరాడోలోనూ ఇలాంటి కమిషన్లున్నాయి. నా ఉద్దేశంలో అదే మేలు, కానీ ఆ కమిషన్లు కూడా మరీ మెతక, దాదాపు అందరికీ పాస్ మార్కులే వేస్తాయని తిట్టేవాళ్ళున్నారు.

పాతకాపు_చికాగో:
నేను 80ల్లో వచ్చాను ఈ ఊరికి. ఈ కాలం పిల్లలకి తెలియదు, ఈ రేటింగులు ఎందుకు కావాలో. ఆపరేషన్ గ్రేలార్డ్ అని ఎఫ్‌బీఐ వాళ్ళు ఇదే కుక్ కౌంటీ కోర్టుల్లో వల వేశారు, 1983లో మొదటి కేసులు బయటపడ్డాయి. తాగి కారు నడిపిన కేసుకి ఇంత, ఇంకో కేసుకి ఇంత అని లంచం రేట్లు. దొంగ కేసులు సృష్టించి, లాయరు వేషంలో మనుషుల్ని పంపించి, జడ్జిగారి ఛాంబర్లో మైకు కూడా పెట్టారు. చివరికి తొంభై మందికి పైగా కేసులో ఇరుక్కున్నారు, అందులో 17 మంది జడ్జీలు, ఎక్కువమందికి శిక్ష పడింది. అప్పట్లో పేపరు తీస్తే అదే. ఆ జడ్జీల్లో చాలామంది ఓట్లతో గెలిచి, ఓట్లతో నిలబడినవాళ్ళే! లాయర్లకి చాలామందికి తెలుసు, నోరు విప్పినవాళ్ళు చాలా తక్కువ. ఇప్పుడు పేరు చెప్పకుండా ఫోన్లో చెప్పే దారి ఒకటుంది, అంతవరకు నయం.

ఫ్రిస్కో_ఫణి:
మాస్టారూ మీరే చెప్తున్నారు కదా, లాయర్లకి తెలిసీ మాట్లాడలేదని. ఇప్పుడు మాత్రం మాట్లాడతారని గ్యారంటీ ఏంటి?

పాతకాపు_చికాగో:
గ్యారంటీ ఎక్కడుంది నాయనా. రేపు మళ్ళీ అదే జడ్జి ముందు నిలబడాలి కదా వాడు. భయం భయమే.

ఇర్వైన్_ఇందిర:
లాస్ ఏంజెలెస్ కథ చెప్తా, మా వైపు ఎలక్షన్ల ముందు ఎవరో ఒకరు ఇది ఎత్తుతూనే ఉంటారు. 2006లో సుపీరియర్ కోర్టు (ఇక్కడి ట్రయల్ కోర్టు) జడ్జి జింత్రా జానవ్స్, లాత్వియా నుంచి వచ్చిన కుటుంబం, ఇరవై ఏళ్ళుగా బెంచి మీద ఉన్నావిడ. కౌంటీ బార్ అసోసియేషన్ ఆవిడకి అన్నిటికంటే పై రేటింగ్ ఇచ్చింది. ఎదుట నిలబడింది లిన్ ఓల్సన్ అని, లాయరే కానీ బేగెల్ షాపు నడుపుకుంటున్నావిడ, బార్ వాళ్ళు నాట్ క్వాలిఫైడ్ అన్నారు. ఎవరు గెలిచారు? బేగెల్ ఆవిడే. పేరు పలకడానికి రాక జనం ఓటు వెయ్యలేదని పేపర్లన్నీ రాశాయి. అప్పుడు గవర్నరు ష్వార్జ్‌నెగ్గర్ జానవ్స్‌ని వెంటనే ఖాళీగా ఉన్న ఇంకో సీటులో మళ్ళీ నియమించాడు, ఆయన పేరు పలకడం కూడా తక్కువ కష్టమా 😂

మన పేర్ల సంగతి ఆలోచించండి ఇక. వెంకటసుబ్రహ్మణ్యం గారు జడ్జికి నిలబడితే ఏమవుతుంది.

పప్పుచారు_ప్రియుడు:
నేను వేస్తా కదా అక్కా నా ఓటు 😎

లాయరమ్మ_చికాగో:
పేర్ల గోల ఇక్కడ ఇంకా ముదిరింది ఇందిర గారూ. చికాగోలో ఐరిష్ పేరుంటే జడ్జి ఎలక్షన్లో లాభం అని అందరికీ నమ్మకం, అందులోనూ ఆడవాళ్ళ పేరైతే ఇంకా. ఒకరిద్దరు లాయర్లు కోర్టుకెళ్ళి మరీ పేరు మార్చుకుని ఐరిష్ పేరుతో నిలబడ్డారు, ఒకాయన 2018లో గెలిచాడు కూడా. ఇలాంటివి చూసే, మూడేళ్ళలోపు పేరు మార్చుకుంటే పాత పేరు కూడా బ్యాలెట్ మీద వెయ్యాలని అంతకుముందే చట్టం చేశారు, ఈయన అంతకంటే ముందే మార్చుకున్నాడు. అంటే సమాచారం లేని ఓటరు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటాడు, పేరునో, ఇంటిపేరునో, పైన ఉన్న గడినో. దానికంటే రేటింగ్ వెయ్యి రెట్లు నయం కాదా.

విజయవాడ_టు_శాక్రమెంటో:
జయ బాడిగ గారిది గుర్తొచ్చింది. మా విజయవాడ ఆవిడ, 2024లో గవర్నర్ న్యూసమ్ శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా వేశారు, ప్రమాణం చేసేటప్పుడు తెలుగులో మాట్లాడారని వీడియో అందరూ షేర్ చేశారు. ఆవిడ ఎలక్షన్లో నిలబడలేదు కదా, మరి ఆవిడకి రేటింగ్ ఎవరిస్తారు?

ఇర్వైన్_ఇందిర:
కాలిఫోర్నియాలో గవర్నరు జడ్జిగా వెయ్యాలనుకున్న ప్రతి పేరూ ముందు స్టేట్ బార్ కమిషన్‌కి పంపాలి, చట్టం అది, 1979 నుంచి. వాళ్ళకి 90 రోజుల టైము. రహస్యంగా వందలాది లాయర్లకి, జడ్జీలకి ఫారాలు పంపి కనుక్కుని నాలుగు మెట్లలో ఒక రేటింగ్ ఇస్తారు. అయితే గవర్నరు దానికి కట్టుబడక్కర్లేదు. 1996లో జానిస్ రోజర్స్ బ్రౌన్‌ని ఆ కమిషన్ అర్హత లేదంది, పీట్ విల్సన్ అయినా ఏకంగా రాష్ట్ర సుప్రీం కోర్టుకి వేశాడు. ఆవిడ తర్వాత ఫెడరల్ అప్పీల్స్ కోర్టుకి కూడా వెళ్ళింది. కాబట్టి కమిషన్ తప్పా గవర్నర్ తప్పా అని ఇప్పటికీ రెండు వర్గాలు. ఇంక సుపీరియర్ కోర్టు జడ్జికి తర్వాత ఎలక్షన్ వచ్చినా ఎదురు ఎవరూ నిలబడకపోతే అసలు బ్యాలెట్ మీద పేరే రాదు.

ఎడిసన్_ఈశ్వర్:
మా న్యూజెర్సీలో ఈ తలనొప్పే లేదు, గవర్నరు వేస్తాడు, సెనేట్ ఓకే అంటుంది. ఏడేళ్ళయ్యాక ఇంకోసారి ఓకే అంటే 70 ఏళ్ళు వచ్చేదాకా కదిలించేవాడు లేడు. అయితే వేసేముందు స్టేట్ బార్ కమిటీ చూస్తుంది, గవర్నరుతో ఆ ఒప్పందం 1969లో మొదలైంది.

హైకోర్టు_హనుమంతు:
హైదరాబాద్ నుంచి రాస్తున్న, అడ్వకేట్‌ని. మీరంతా మాట్లాడుకునేది చదువుతుంటే నవ్వొస్తుంది, అసూయ కూడా. మా దగ్గర బార్ రూములో చాయ్ తాగుకుంట ఏ జడ్జి ఎట్లనో అందరం చెప్పుకుంటం, ఎవరి దగ్గర బెయిల్ వస్తది, ఎవరు మధ్యాహ్నం తర్వాత చిరాకు పడతరు, ఎవరు ఫైలు చదివి వస్తరు. ఆ మాటనే కాగితం మీద రేటింగ్ లెక్క రాసి బయట పెట్టమనండి, కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) నోటీసు వస్తదేమోనని ఒక్కడు సంతకం పెట్టడు. 1995లో సుప్రీం కోర్టు రవిచంద్రన్ అయ్యర్ కేసులో చెప్పింది కదా, జడ్జి మీద బార్ అసోసియేషన్‌కి కంప్లయింట్ ఉంటే తీర్మానాలు చేసి ఒత్తిడి పెట్టొద్దు, ఛీఫ్ జస్టిస్‌కి చెప్పుకోవాలె అని. కొలీజియంలో, అంటే జడ్జీలని ఎంపిక చేసే పెద్ద జడ్జీల బృందంలో, లాయర్ని హైకోర్టు జడ్జి చేసేటప్పుడు ఎవర్ని అడుగుతరో, ఏం అడుగుతరో అంతా లోపలనే.

అట్లని ఎలక్షన్లు కావాలని అనట్లేదు నేను. మా బార్ అసోసియేషన్ ఎలక్షన్లు చూసినోడెవడూ జడ్జీలకి ఎలక్షన్ పెట్టమని అనడు 🙏 బిర్యానీ పాకెట్లు, కులం లెక్కలు, అన్నీ ఉంటయి.

కడప_కిరణ్:
హనుమంతు సార్ చెప్పింది కరెక్టే. కానీ ఇంకో అనుమానం నాకు. లాయర్లు మార్కులేస్తే ఆడ జడ్జీలకి, నల్లవాళ్ళకి తక్కువ పడతాయంట గదా? యాడో చదివినా.

లాయరమ్మ_చికాగో:
నెవాడా క్లార్క్ కౌంటీ, అంటే లాస్ వేగస్, అక్కడ లాయర్ల సర్వే మీద యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన చేశారు కిరణ్. పనితీరు సమానంగా కనిపించినా ఆడ జడ్జీలకి, మైనారిటీలకి మార్కులు తక్కువ పడ్డాయని తేల్చారు. పేరు లేకుండా వేసే సర్వేల్లో ఈ రోగం ఎక్కువ. మగ జడ్జి గట్టిగా మాట్లాడితే స్ట్రిక్టు, ఆడ జడ్జి మాట్లాడితే టెంపర్‌మెంట్ బాలేదు, ఈ మాట నేను కమిటీ బయటా లోపలా విన్నాను. అందుకే అలయన్స్‌లో రకరకాల సంఘాలుండటం మంచిది, ఒకరికి కనపడనిది ఇంకొకరికి కనపడుతుంది. ఒక జడ్జికి పది సంఘాలు క్వాలిఫైడ్ అని ఒకటే నాట్ రికమెండెడ్ అంటే ఎందుకో చదవండి. అన్నీ కలిసి వద్దు అంటే మాత్రం ఆలోచించక్కర్లేదు.

షాంబర్గ్_శీను:
అంటే కారణం రాస్తారా? నేను చూసిన టేబుల్లో ఒట్టి మాటలే ఉన్నాయి.

లాయరమ్మ_చికాగో:
టేబుల్ దగ్గర ఆగకండి. చికాగో బార్ వాళ్ళు ఒక్కో జడ్జికి నాలుగు లైన్లు రాస్తారు, కౌన్సిల్ ఆఫ్ లాయర్స్ ఇంకా వివరంగా రాస్తారు. అమెజాన్లో ఒక్క స్టార్ ఇచ్చినవాడు ఎందుకిచ్చాడో చదువుతాం కదా, అలాగే. క్వాలిఫైడ్ అనేది చాలామందికి వచ్చే రేటింగ్, దాన్నిబట్టి గొప్ప జడ్జి అనుకోకూడదు, పని వచ్చు అని మాత్రమే. ఈ లిస్టు పనికొచ్చేది ఎవర్ని తీసేయాలో తెలుసుకోవడానికి. ఇంకో కిటుకు, పరిశీలనకి రానని చెప్పినవాళ్ళకి చికాగో బార్ నేరుగా నాట్ రికమెండెడ్ ఇచ్చేస్తుంది, ఆ సంగతి రాసి ఉంటుంది. అలాంటివాళ్ళకి నేను నో కొడతాను. పదిమంది లాయర్లు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక లేనివాళ్ళు రేపు నర్సింగ్ చెప్పిన కోర్టులో ఏం వింటారు.

ఫ్రిస్కో_ఫణి:
సరే, ఇదంతా చేసి చివరికి ఎంతమంది ఓడిపోయారు చెప్పండి. అదీ అసలు ప్రశ్న.

లాయరమ్మ_చికాగో:
చాలా తక్కువ, ఒప్పుకుంటాను. కుక్ కౌంటీలో 1990 తర్వాత మళ్ళీ ఒక జడ్జి రిటెన్షన్‌లో ఓడింది 2018లోనే, మాథ్యూ కాఘ్లన్. మధ్యలో 28 ఏళ్ళు అందరూ పాస్. 2020లో జాకీ పోర్ట్‌మన్ బ్రౌన్ ఓడారు, ఆరేళ్ళ బంధువుల పాపని కోర్టు లాకప్ గదిలో పెట్టించిన వీడియో బయటికొచ్చాక. అదే ఏడాది రాష్ట్ర సుప్రీం కోర్టు జడ్జి థామస్ కిల్‌బ్రైడ్ కూడా పోయారు, సగానికి పైగా యెస్ వచ్చినా 60 అందలేదు. అది మాత్రం రేటింగుల వల్ల కాదు, ఆయనకి వ్యతిరేకంగా కోట్లు కుమ్మరించిన ప్రచారం వల్ల.

ఫ్రిస్కో_ఫణి:
చూశారా! ఒకటి వీడియో, ఒకటి డబ్బు. మీ రేటింగ్ ఎక్కడ పనిచేసింది?

పాతకాపు_చికాగో:
ఫణీ, ఓడినవాళ్ళనే లెక్కపెట్టకు. రేటింగ్ బాగా రాదని తెలిసి ముందే రిటైర్ అయిపోయేవాళ్ళు, పార్టీ టికెట్ దగ్గరే ఆగిపోయేవాళ్ళు నీకు బ్యాలెట్ మీద కనపడరు కదా.

ఫ్రిస్కో_ఫణి:
కనపడనివాళ్ళని చూపించి గెలవడం మీ దగ్గరే నేర్చుకోవాలి మాస్టారూ 🙏 నేనింకా నమ్మట్లేదు, కానీ మా టెక్సస్‌లో ఒక మంచి పని జరిగింది, 2021లో ఓటేసి జిల్లా జడ్జికి కావాల్సిన అనుభవం నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళకి పెంచాం. రేటింగ్ కంటే అది గట్టి జల్లెడ అంటాను.

నల్గొండ_నర్సింగ్:
ఎనిమిదేండ్లు పనిజేసినా తల ఎత్తనోడు ఎత్తడు అన్నా.

షాంబర్గ్_శీను:
సరే నేనైతే ఈ శనివారం కూర్చుంటా. అన్ని సంఘాల టేబుల్ ఒక పక్క, రెండు మూడు నాట్ రికమెండెడ్ ఉన్నవాళ్ళ వివరాలు మాత్రం చదువుతా, మిగతావాళ్ళకి యెస్. మా ఆవిడ వేరే లిస్టు చేసుకుంటానంటోంది, ఇంట్లో ఇంకో అలయన్స్ మొదలైంది. లాయరమ్మ గారికి పెద్ద థ్యాంక్స్.

అరోరా_అనూష:
అక్కా నాది అరోరా, కుక్ కౌంటీ కాదు. మాకు ఇలాంటి పరిశీలన ఉంటుందా?

లాయరమ్మ_చికాగో:
మీకు ఇలినాయ్ స్టేట్ బార్ అసోసియేషన్ పోల్ ఉంటుంది అనూషా. అది ఇంటర్వ్యూ కాదు, మీ సర్క్యూట్లో (మీ కోర్టు పరిధిలో) లాయర్లకి ఫారం పంపుతారు, 65 శాతం మంది అర్హత ఉందంటే రికమెండెడ్. కింద ఒక్కో అంశానికి ఎంత శాతం వచ్చిందో కూడా వేస్తారు, నిజాయితీ, ఓపిక, చట్టం తెలియడం అలా. ఓపిక దగ్గర మాత్రం నంబరు పడిపోయినవాళ్ళని చూసుకోండి. అరోరా నాలుగు కౌంటీల్లో ఉంటుంది, మీది ఏ కౌంటీ?

అరోరా_అనూష:
కేన్ అక్కా.

లాయరమ్మ_చికాగో:
అయితే 16వ సర్క్యూట్ చూడండి. పక్క వీధివాళ్ళది డూపేజ్ అయితే వాళ్ళకి 18, లిస్టు ఫార్వర్డ్ చేసేముందు అది చూసుకుని చెయ్యండి.